ఆవిర్లకు మందు వెతికిన రెండు వందల ఏళ్ళు

తెలుగులో "ముట్లుడగడం" అని ఒక పాత మాట ఉంది. జవసత్వాలు ఉడిగిపోయాయి అంటామే, ఆ ఉడగడమే ఇదీను. నెలసరి తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోవడం. చక్కటి మాటే గానీ అందులో ఆగిపోయేదాని సంగతే ఉంది, అప్పుడు మొదలయ్యేదాని ఊసు లేదు. మొదలయ్యేది ఏమిటో నలభై అయిదు దాటిన మనలో చాలామందికి చెప్పక్కర్లేదు. ఉన్నట్టుండి ఛాతీ దగ్గర ఒక సెగ పుడుతుంది. మెడ మీదుగా ముఖానికి ఎక్కుతుంది. చెవులు కాలతాయి, జాకెట్టు తడిసిపోతుంది, నాలుగైదు నిమిషాల తర్వాత చలి. రాత్రి అయితే దుప్పటి తన్నేయడం, మళ్ళీ కప్పుకోవడం, ఇదే పని. మన ఇళ్ళల్లో దీన్ని "ఆవిర్లు" అంటాం. "ఒంట్లోంచి ఆవిర్లొస్తున్నాయే" అని పెద్దవాళ్ళు విసనకర్ర అందుకోవడం మనం చూసిందే.

ఈ ఆవిర్లకు హార్మోన్ మాత్రలు బాగా పనిచేస్తాయని డాక్టర్లందరూ ఒప్పుకుంటారు. కానీ అవి వాడకూడనివాళ్ళున్నారు, వాడటం ఇష్టం లేనివాళ్ళున్నారు. మరి వాళ్ళకేమిటి దారి? ఈ ప్రశ్నకు జవాబు కోసం వెతుకుతూ పోతే నాకు రెండు వందల ఏళ్ళ చరిత్ర దొరికింది. అందులో మోసాలున్నాయి, అమాయకత్వం ఉంది, కొందరి ఓపిక ఉంది. చివరికి మన చేతిలోకి వచ్చిన నిజాలు కొన్ని ఉన్నాయి. అవి ఎలా వచ్చాయో తెలిస్తే, రేపు ఎవరైనా ఒక సీసా చూపించి "ఇది వాడండి, ఇట్టే తగ్గిపోతుంది" అన్నప్పుడు ఏమడగాలో మనకే తెలుస్తుంది.

పేరు పెట్టినవాళ్ళు

ముట్లుడగడం గురించి మనవాళ్ళకు తెలియక కాదు. సుశ్రుత సంహితలోనే రజస్సు పన్నెండో ఏట మొదలై యాభయ్యో ఏటికి తగ్గిపోతుందని రాసి ఉంది. ఈనాటి లెక్కలకు అది పెద్ద దూరమేమీ కాదు. కానీ దాన్ని వయసుతో వచ్చే సహజమైన మార్పుగా చూశారు.

దానికో వైద్య పేరు పెట్టింది ఫ్రాన్సులో గార్డాన్ అనే వైద్యుడు. ఆయన 1821లో అచ్చేసిన పుస్తకంలో "మెనోపాజ్" అన్న మాట వాడాడు. గ్రీకులో నెల, ఆగడం అనే రెండు మాటలు కలిపి చేసిన మాట అది. అంతకుముందు ఫ్రెంచివాళ్ళు ఈ వయసును "గండం వయసు" అన్న అర్థం వచ్చేలా పిలిచేవారు. అప్పటి వైద్యుల ఆలోచన ఏమిటంటే, నెలనెలా బయటికి పోవాల్సిన రక్తం ఆగిపోయి లోపలే నిలవుండి తలకెక్కుతోందని. ముఖం ఎర్రబడటం చూసి అదే రుజువు అనుకున్నారు. అందుకని జలగలు పట్టించడం, నరం కోసి రక్తం తీయడం, విరేచనాలు చేయించడం. అసలే నీరసంగా ఉన్న మనిషికి అంత శిక్షన్నమాట.

ఆ తర్వాత లండనులో ఎడ్వర్డ్ టిల్ట్ అనే వైద్యుడు 1857లో ఆడవాళ్ళ ఈ దశ మీద ఒక పెద్ద పుస్తకం తెచ్చాడు. ఆయన వైద్యంలో నల్లమందు ఉంది, పొట్టపై భాగంలో బెల్లడోనా పట్టీ ఉంది, సీసపు లవణం కలిపిన నీటితో లోపల కడగడం కూడా ఉంది. సీసం విషమని ఈ రోజు చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ బెల్లడోనా సంగతి వేరు. అందులో ఉండే పదార్థానికి చెమటను ఆపే గుణం నిజంగానే ఉంది. అంటే ఏదో కాస్త ఉపశమనం కొందరికి కలిగే ఉంటుంది. దాని మోతాదు కాస్త మించితే మతిభ్రమ, ప్రాణాపాయం.

టిల్ట్‌కు ఒక మంచి అలవాటు మాత్రం ఉంది. తన దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళను అడిగి, ఎవరికి ఏ బాధ ఉందో పట్టికలు వేశాడు. వైద్యం తప్పులతడకే అయినా ఆడవాళ్ళు చెప్పింది లెక్కలోకి తీసుకోవడం అక్కడ కనిపిస్తుంది. ఈ లెక్క వేయడమే ముందుముందు మనకు దారి చూపించింది.

ఒక గృహిణి పొయ్యి మీద కాచిన మందు

ఈ కథలో నాకు బాగా దగ్గరగా అనిపించింది లిడియా పింక్‌హామ్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో లిన్ అనే ఊరు. 1873లో అక్కడ పెద్ద ఆర్థిక మాంద్యం వచ్చి ఆవిడ భర్త ఆస్తి మొత్తం పోయింది. లిడియా అంతకుముందు నుంచే ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు ఇంట్లో పొయ్యి మీద ఒక కషాయం కాచి ఉచితంగా ఇచ్చేది. ఇల్లు గడవక 1875లో దాన్ని సీసాల్లో పోసి అమ్మడం మొదలుపెట్టారు. సీసా ధర ఒక డాలరు. కొడుకులు ఊరూరా తిరిగి కరపత్రాలు పంచారు. కొన్నేళ్ళకు లేబుల్ మీద ఆవిడ ముఖమే వేశారు. అమ్మమ్మలా ప్రశాంతంగా ఉండే ఆ ముఖం అమెరికాలో ప్రతి ఇంటికీ పరిచయమైపోయింది.

ఆ కషాయంలో ఏముందో తెలుసా? బ్లాక్ కోహోష్ అనే అడవి మొక్క వేరు, ఇంకో మూడు నాలుగు రకాల వేళ్ళు, మన మెంతులు. అవును, మన పోపులడబ్బాలో ఉండే మెంతులే. వీటన్నిటితోపాటు దాదాపు ఐదో వంతు ఆల్కహాలు. మద్యపానం మాన్పించాలని ఉద్యమాలు నడుస్తున్న రోజుల్లో, మద్యం ముట్టని ఇల్లాళ్ళు చెంచాలతో కొలుచుకుని తాగింది ఇది. మందు నిలవ ఉండటానికే ఆల్కహాలు కలిపామని కంపెనీ చెప్పుకునేది. 1906లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, ఆల్కహాలు ఎంతుందో సీసా మీద రాయాల్సిందే అనేదాకా చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పుకోవాలి. లిడియాను వట్టి మోసగత్తె అనెయ్యడం సులువే. కానీ అప్పట్లో మగ డాక్టరుకు తమ శరీరం సంగతి చెప్పుకోలేని ఆడవాళ్ళు ఆవిడకు ఉత్తరాలు రాసేవారు. జవాబులు వచ్చేవి. ఆడవాళ్ళ శరీరం ఎలా పనిచేస్తుందో తేలిక భాషలో రాసిన చిన్న పుస్తకాలు కూడా ఆ కంపెనీ పంచింది. మందు పనిచేసిందో లేదో గానీ, "నీ బాధ నిజమే, రాయి, వింటాను" అన్న మాట మాత్రం లక్షల మందికి అక్కడే దొరికింది. 1883లో లిడియా చనిపోయింది. అయినా "మిసెస్ పింక్‌హామ్‌కు రాయండి" అన్న ప్రకటనలు ఆగలేదు. చివరికి 1905లో ఒక ఆడవాళ్ళ పత్రిక, లేడీస్ హోమ్ జర్నల్, ఆవిడ సమాధి ఫోటో అచ్చువేసింది. మీరు ఉత్తరాలు రాస్తున్న మనిషి చనిపోయి ఇరవై ఏళ్ళు దాటింది చూసుకోండి అని.

అయినా సీసాలు అమ్ముడుపోతూనే ఉన్నాయి. పని చెయ్యని మందుకు అన్ని లక్షల మంది "నాకు తగ్గింది" అని ఎందుకు రాస్తారు? దీనికి జవాబు ఇంకో వంద ఏళ్ళకు గానీ రాలేదు. ఆ సంగతికి వస్తాను.

హార్మోన్ల వైభవం, పతనం

హార్మోన్ల కథ టూకీగా చెప్పేస్తాను, ఎందుకంటే అది లేకుండా మిగతాది అర్థం కాదు. చూలుతో ఉన్న గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్ మాత్ర, ప్రెమరిన్, 1942లో అమెరికా బజారులోకి వచ్చింది. ఆవిర్లు నిజంగా తగ్గాయి. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు "ఫెమినిన్ ఫరెవర్" అనే పుస్తకం రాశాడు. మెనోపాజ్ అంటే లోటు జబ్బు అనీ, ఈ మాత్రలతో ఆడది ఎప్పటికీ ఆడదిగానే ఉండిపోతుందనీ దాని సారం. ఆడతనం ముట్టుతోనే పోతుందన్నట్టు! పుస్తకం వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోయింది. 1975లో ఒంటరిగా ఈస్ట్రోజన్ వాడినవాళ్ళకు గర్భాశయం లోపలి పొరలో క్యాన్సర్ ఎక్కువ వస్తోందని తేలింది. అప్పుడు దానికి ఇంకో హార్మోన్ జోడించారు.

2002 జులైలో పెద్ద పిడుగు పడింది. అమెరికాలో 16,608 మంది స్త్రీలతో నడుస్తున్న పరీక్షను మధ్యలో ఆపేశారు. రెండు హార్మోన్లు కలిపి వాడిన పదివేల మందిలో ఏడాదికి ఎనిమిది మందికి రొమ్ము క్యాన్సర్, ఎనిమిది మందికి పక్షవాతం, ఏడుగురికి గుండెజబ్బు అదనంగా వచ్చాయి. అదే పదివేల మందిలో తుంటి ఎముక విరగడం ఐదు, పెద్దపేగు క్యాన్సర్ ఆరు తగ్గాయి. కానీ పేపర్లలో పతాక శీర్షికలెక్కింది మొదటి సగమే. రాత్రికి రాత్రి లక్షల మంది మాత్రలు మానేశారు. ఆ పరీక్షలో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63 అనీ, ఆవిర్లతో బాధపడే యాభై ఏళ్ళ మనిషికి లెక్క వేరుగా ఉంటుందనీ నిదానంగా తర్వాత చెప్పారు. ఇప్పుడు అరవై లోపు, ముట్లుడిగి పదేళ్ళు దాటని ఆరోగ్యవంతులకు చాలామందికి హార్మోన్ల వల్ల మేలే ఎక్కువని వైద్య సంఘాలు అంటున్నాయి. అందుచేత ఈ వ్యాసం హార్మోన్లను దుమ్మెత్తి పోయడానికి కాదు. అవి కుదరనివాళ్ళ కోసం.

వేళ్ళు, సోయా, ఉత్తుత్తి మాత్ర

2002 తర్వాత అందరి కళ్ళూ మళ్ళీ మొక్కల మీద పడ్డాయి. లిడియా సీసాలోని బ్లాక్ కోహోష్ కొత్త డబ్బాల్లో వచ్చింది. అమెరికా ఆదివాసులు వాడుకున్న వేరు అది. జర్మనీలో 1950ల నుంచే దాని మాత్రలు అమ్మేవారు. ఇక సోయా. కెనడాలో మార్గరెట్ లాక్ అనే మానవశాస్త్రవేత్త 1980ల్లో జపాను ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ బాధలు అడిగింది. అమెరికా ఆడవాళ్ళతో పోలిస్తే వాళ్ళు ఆవిర్ల గురించి చాలా తక్కువ చెప్పారు. భుజాలు పట్టేయడం, తలనొప్పి వాళ్ళకు పెద్ద బాధలు. ఆవిర్లకంటూ జపాను భాషలో ఒకే ఒక్క మాట కూడా లేదట. 1992లో ఫిన్లండుకు చెందిన ఆడ్లర్‌క్రాయిట్స్, వాళ్ళు తినే సోయాలో ఈస్ట్రోజన్‌ను పోలిన పదార్థాలు ఉన్నాయి, బహుశా అందుకే అన్నాడు. ఆ "బహుశా" కాస్తా దుకాణాల్లోకి వచ్చేసరికి "ఖచ్చితంగా" అయిపోయింది.

అప్పుడు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 351 మంది స్త్రీలతో ఒక పరీక్ష చేశారు. ఫలితం 2006లో వచ్చింది. కొందరికి బ్లాక్ కోహోష్, కొందరికి పది మూలికల మిశ్రమం, కొందరికి మూలికలతోపాటు సోయా తినమని సలహా, కొందరికి హార్మోన్లు, కొందరికి ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర. ఎవరు ఏ మాత్ర మింగుతున్నారో వాళ్ళకే తెలియదు. ఏడాది తర్వాత చూస్తే హార్మోన్లు పనిచేశాయి. మూలికలకూ ఉత్తుత్తి మాత్రకూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

లిడియా ఉత్తరాల చిక్కుముడి ఇక్కడ విడిపోతుంది. ఆవిర్ల మీద జరిగిన పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళకు కూడా బాగానే తగ్గాయి. హార్మోన్ల పరీక్షలన్నీ కలిపి చూస్తే సగానికి పైగా! కొంత మనసు చేసే మేలు. కొంత, ఆవిర్లు బాగా ముదిరినప్పుడే మనం మందు కోసం వెళ్తాం, ఆ తర్వాత అవి వాటంతటవే కాస్త తగ్గుతాయి. ఆ తగ్గుదల అంతా అప్పుడు చేతిలో ఉన్న సీసా ఖాతాలో పడుతుంది. "నాకు తగ్గింది" అన్న ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడకు నిజంగానే తగ్గింది. సీసా వల్ల తగ్గిందా అన్నదే ప్రశ్న. పక్కింటి పిన్నిగారు, వాట్సాప్ గ్రూపులో ఒకావిడ, టీవీ ప్రకటనలో ఇంకొకావిడ చెప్పినదంతా ఈ ఒక్క ప్రశ్న ముందు నిలబెట్టి చూడాలి.

మన దేశం సంగతి

1975లో మార్షా ఫ్లింట్ అనే పరిశోధకురాలు రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్‌లలో 483 మంది రాజపుత్ర స్త్రీలతో మాట్లాడి ఒక వ్యాసం రాసింది. నెలసరి మార్పులు తప్ప పెద్ద బాధలేమీ వాళ్ళు చెప్పలేదట. ముట్లుడిగాక వాళ్ళకు పరదా సడలింది, మగవాళ్ళున్న చోట కూర్చుని మాట్లాడే వీలు వచ్చింది. అంటే ఆ మార్పు వాళ్ళకు శిక్షలా రాలేదు, బహుమానంలా వచ్చిందని ఆవిడ వాదన. ఈ వ్యాసం ప్రపంచమంతా తిరిగింది.

అందులో నిజం ఉంది. మడి, మైల పాటించే ఇళ్ళల్లో ముట్టు ఆగిపోవడం ఎంత స్వేచ్ఛో మన అమ్మమ్మలను అడిగితే చెబుతారు. నెలకు మూడు రోజులు విడిగా కూర్చోవక్కర్లేదు, పూజ గదిలోకి ఎప్పుడైనా వెళ్ళొచ్చు. కానీ బాధ చెప్పకపోవడం వేరు, బాధ లేకపోవడం వేరు. మన దగ్గర ఆవిర్లు వస్తే "ఎండలు మండిపోతున్నాయి" అనేవారు, పొయ్యి దగ్గర పని కదా అనేవారు. మా ఊళ్ళో ఎండాకాలంలో ఎవరికి చెమట పట్టదు గనక? ఆ తర్వాత మన దేశంలో విడివిడిగా అడిగి చేసిన సర్వేల్లో ఆవిర్లు చెప్పిన ఆడవాళ్ళు కనిపిస్తూనే ఉన్నారు.

మన రెండు రాష్ట్రాలకు ఇంకో సంగతి కూడా ఉంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో అందరికంటే ముందు మనమే. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పి అని, "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు" అని ముప్పై అయిదుకే తీయించుకున్నవాళ్ళు మన చుట్టాల్లోనే ఉంటారు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆవిర్లు మర్నాటి నుంచే మొదలవుతాయి, సహజంగా వచ్చేవాటికన్నా గట్టిగా. అండాశయాలు ఉంచినా కొందరికి మామూలు కంటే కొన్నేళ్ళు ముందే ముట్లుడిగిన లక్షణాలు వస్తాయి. ఇలా చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్ళకు, వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా ఆగే వయసు వరకు హార్మోన్లు వాడమనే వైద్య సంఘాలు చెబుతాయి. ఎముకలకూ గుండెకూ అది అవసరం. ఆపరేషనుకు ముందే "అండాశయాలు ఉంచుతారా?" అని అడగడం మన హక్కు. ఆపరేషను అయిపోయినవాళ్ళు తమ కాగితాల్లో ఏమి తీశారని రాసి ఉందో చూసుకోవడం అవసరం.

హార్మోన్లు వద్దన్నచోటే దారి దొరికింది

మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడింది. తర్వాత ఐదేళ్ళు టామాక్సిఫెన్ మాత్ర వేసుకోవాలన్నారు. ఆ మాత్ర ప్రాణం కాపాడుతుంది, కానీ ఆవిర్లు తెస్తుంది. రాత్రికి ఆరేడు సార్లు లేచేది. అడిగితే "క్యాన్సరే తట్టుకున్నారు, ఇదొక లెక్కా? ఓర్చుకోండి" అన్నారట. మాత్ర ఆపేద్దామా అన్నంత వరకు వచ్చింది అక్క. ఇలాంటి చోట ఆవిర్లు చిన్న సంగతి కాదు. వాటిని తట్టుకోలేక మందు ఆపేస్తే అసలు జబ్బే తిరగబెట్టవచ్చు.

హార్మోన్లు లేకుండా ఆవిర్లు తగ్గించే దారి సరిగ్గా ఇలాంటి ఆడవాళ్ళ వల్లే దొరికింది. అమెరికాలో మేయో క్లినిక్ క్యాన్సర్ వైద్యుడు చార్లెస్ లోప్రింజీ వాళ్ళ బాధ విని, రోజుకు ఎన్ని ఆవిర్లు వచ్చాయో, ఎంత గట్టిగా వచ్చాయో పుస్తకంలో రాయమన్నాడు. మనసు దిగులుకు వాడే వెన్లఫాక్సిన్ అనే మాత్రను ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశాడు. 2000లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మాత్రతో బాధ 27 శాతం తగ్గితే, 75 మిల్లీగ్రాముల వెన్లఫాక్సిన్‌తో 61 శాతం తగ్గింది. ఆ తేడాయే అసలు మందు. అదే రోజుల్లో మూర్ఛకు వాడే గాబపెంటిన్ కూడా ఆవిర్లను తగ్గిస్తోందని నరాల వైద్యుడొకాయన గమనించాడు. 2013లో పరోక్సెటిన్ అనే మాత్రను చాలా చిన్న మోతాదులో, 7.5 మిల్లీగ్రాములు, ప్రత్యేకంగా ఆవిర్ల కోసమే అమెరికా ప్రభుత్వం అనుమతించింది. అయితే పరోక్సెటిన్ టామాక్సిఫెన్ పనిని అడ్డుకోవచ్చు. అందుకే టామాక్సిఫెన్ వాడేవాళ్ళు "ఏదో ఒక దిగులు మాత్రేగా" అని ఒకరి చీటీ చూసి ఇంకొకరు కొనుక్కోకూడదు.

"దిగులు మాత్ర ఇచ్చారంటే నా బాధ మనసులోది అంటున్నారా?" అని కొందరు నొచ్చుకుంటారు. కాదు. ఈ సంగతి మెదడును చూసినవాళ్ళే తేల్చారు.

సెగ ఎక్కడ పుడుతోంది

డెట్రాయిట్‌లో రాబర్ట్ ఫ్రీడ్‌మన్ ఆవిర్లను యంత్రాలతో కొలిచాడు. మన ఒంటికి ఒక హద్దు ఉంటుంది. లోపలి వేడి ఆ హద్దులో కాస్త అటూ ఇటూ అయినా చెమటా పట్టదు, వణుకూ రాదు. ఆవిర్లు లేనివాళ్ళకు ఆ వెసులుబాటు 0.4 డిగ్రీలు ఉంటే, ఆవిర్లు వచ్చేవాళ్ళకు దాదాపు సున్నా అని ఆయన లెక్క. అంటే వేడి కాస్త పెరిగిందో లేదో, ఒళ్ళు "అమ్మో కాలిపోతున్నాను" అని రక్తాన్నంతా చర్మం వైపు తోసి చెమట పట్టిస్తుంది. నిండుకుండలో ఇంకో చుక్క పడ్డట్టు.

ఆ హద్దు ఎందుకు కుంచించుకుపోయింది? అరిజోనా విశ్వవిద్యాలయంలో నయోమి రాన్స్ అనే శాస్త్రవేత్త, చనిపోయిన స్త్రీల మెదళ్ళను పరీక్షించి 1991లో ఒక సంగతి రాసింది. హైపోథాలమస్ అనే చోట కొన్ని నరకణాలు ముట్లుడిగిన ఆడవాళ్ళలో ఉబ్బి పెద్దవై ఉన్నాయి. ఈస్ట్రోజన్ ఉన్నన్నాళ్ళూ వాటిని అదుపులో పెడుతుంది. అది తగ్గాక అవి అదుపు తప్పి, న్యూరోకైనిన్-బి అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతాయి. ఒంటి వేడిని చూసుకునే కేంద్రం పక్కనే ఉంది. తర్వాత లండనులో ఆరోగ్యంగా ఉన్న యువతులకు ఆ పదార్థం ఎక్కిస్తే వాళ్ళకూ ఆవిర్లు వచ్చాయి. అమ్మలక్కల చాదస్తం, నరాల బలహీనత, "ఊహించుకుంటోంది" అని ఎన్నో పేర్లు పడిన బాధకు చివరికి ఒక చిరునామా దొరికింది.

ఆ పదార్థానికి అడ్డం పడే మాత్ర ఫెజోలినెటంట్. 2023 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. అది హార్మోన్ కాదు. కాలేయం దెబ్బతినే ప్రమాదం అరుదుగా ఉందని 2024 డిసెంబరులో దాని మీద గట్టి హెచ్చరిక పెట్టించారు. వాడేవాళ్ళు కాలేయం పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. కొత్త మందు అనగానే సంబరపడిపోనక్కర్లేదు, భయపడిపోనూ అక్కర్లేదు.

మాటతో వైద్యం

మందులు అస్సలు వద్దనుకునేవాళ్ళకు రెండు దారులు పరీక్షల్లో నిలబడ్డాయి. లండనులో కింగ్స్ కాలేజీకి చెందిన మైరా హంటర్ 2012లో రెండు పరీక్షల ఫలితాలు ఇచ్చింది. ఒకటి రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడినవాళ్ళతో, ఇంకొకటి 140 మంది మామూలు స్త్రీలతో. ఆలోచనలను, నిద్ర అలవాట్లను మార్చుకునే శిక్షణ అది. ఆవిర్ల సంఖ్య పెద్దగా తగ్గలేదు, కానీ అవి పెట్టే బాధ బాగా తగ్గింది. "అందరూ నన్నే చూస్తున్నారు, ఇది ఆగదు" అనుకుంటే సెగ రెట్టింపవుతుంది. "నాలుగు నిమిషాల్లో పోతుంది" అనుకుని ఊపిరి నిదానంగా తీసుకుంటే అదే సెగ దాటిపోతుంది. టెక్సాస్‌లో గ్యారీ ఎల్కిన్స్ 187 మందితో వైద్య హిప్నోసిస్ చేసి 2013లో ఫలితం ప్రకటించాడు. మూడు నెలల్లో ఆవిర్లు 74 శాతం తగ్గాయి, పోల్చి చూసిన గుంపులో 17 శాతమే.

2023లో ఉత్తర అమెరికా మెనోపాజ్ సంఘం అప్పటిదాకా వచ్చినదంతా జల్లెడ పట్టింది. పనిచేస్తాయన్న జాబితాలో ఈ రెండు శిక్షణలు, పైన చెప్పిన మాత్రలు, ఫెజోలినెటంట్, ఒళ్ళున్నవాళ్ళు బరువు తగ్గడం ఉన్నాయి. మూత్రసంచికి వాడే ఆక్సిబ్యుటినిన్ కూడా ఉంది. టిల్ట్ బెల్లడోనా పట్టీకి ఇది దూరపు చుట్టమే, అదే పద్ధతిలో చెమటను ఆపుతుంది. పెద్ద వయసువాళ్ళు ఎక్కువకాలం వాడితే మతిమరుపు భయం కూడా ఉంది. రుజువు చాలదన్న జాబితాలో సోయా, మూలికలు, యోగా, వ్యాయామం, ఆక్యుపంక్చర్ ఉన్నాయి.

యోగా పేరు చూసి ఉలిక్కిపడకండి. ఆవిర్ల సంఖ్య తగ్గించడం వరకే ఆ మాట. యోగాతో నిద్ర మెరుగైందని అమెరికా పరీక్షలోనే తేలింది. నడక ఎముకలకూ గుండెకూ మంచిదే. పలచటి నూలుచీర, ఫ్యాను, పక్కన మంచినీళ్ళు సుఖాన్నిస్తాయి, నష్టమేమీ లేదు. మెంతులు పోపులో వేసుకోండి, మజ్జిగలో వేసుకోండి. వాటి మీద ఆవిర్ల భారం మాత్రం వెయ్యకండి. రూపాయలు పోసి కొనే మూలికల సీసా మాత్రం డాక్టరుకు చూపించాకే. బ్లాక్ కోహోష్ వాడినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి.

ఆవిర్లు ఒక ఏడాది ఉండి పోతాయనుకునేవాళ్ళకు ఇంకో సంగతి. అమెరికాలో ఏళ్ళ తరబడి ఆడవాళ్ళ వెంట నడిచిన స్వాన్ అనే అధ్యయనంలో, తరచూ ఆవిర్లు వచ్చేవాళ్ళలో సగం మందికి అవి ఏడేళ్ళకు పైగానే ఉన్నాయి. ఏడేళ్ళు ఓర్చుకోమనడం సలహా కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు రెండు వారాల పాటు ఒక పాత నోటుబుక్కులో రాయండి. ఏ పూట, ఎన్నిసార్లు, ఎంత గట్టిగా, రాత్రి నిద్ర ఎన్నిసార్లు చెడింది. మందో శిక్షణో మొదలుపెట్టాక మళ్ళీ అంతే రాయండి. "ఈ మధ్య ఒంట్లో బాలేదండీ" అన్న మాట గాలికి పోవచ్చు, "రోజుకు తొమ్మిది, రాత్రి నాలుగు" అన్న మాట పోదు. థైరాయిడ్ పరీక్ష అడగండి, దానివల్ల కూడా వేడీ చెమటా వస్తాయి. జ్వరం, బరువు తగ్గడంతో రాత్రి చెమటలు పడితే, లేదా ముట్టు ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనిపిస్తే, అది ఆవిర్ల లెక్క కాదు, వెంటనే చూపించుకోవాలి.

మా అక్క అలాగే లెక్క రాసుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఆ కాగితం చూసి, టామాక్సిఫెన్‌కు అడ్డురాని మాత్ర రాసింది. ఆవిర్లు పూర్తిగా పోలేదు, రాత్రికి ఒకటో రెండో ఉన్నాయి. టామాక్సిఫెన్ మాత్రం ఒక్క రోజు కూడా మానలేదు.